హత్య ఇక్కడ... షూటింగ్ అక్కడ!

ఓ ఊళ్లో నడివీధిలో ఎంపీని కొట్టి చంపారు. ఆ కథను సినిమాగా తీద్దామంటే ఆ ఊళ్లో వీల్లేదు. తీశాక చూద్దామంటే ఆ దేశంలోనే వీల్లేదు. గ్రీసులోని థెస్సలోనికి నుంచి ఆర్కేడియా కొండల మీదుగా అల్జీర్స్ దాకా... సైనిక పాలకులు నిషేధించిన 'జెడ్' సినిమా వెంట ఓ ప్రయాణం.

థెస్సలోనికి... ఎక్కడో విన్న పేరులా ఉంది కదూ! బైబిలు చదివేవాళ్లకు బాగా తెలిసిందే. అపొస్తలుడైన పౌలు 'థెస్సలొనీకయులకు' రాసిన పత్రికలు రెండు కొత్త నిబంధనలో ఉన్నాయి. ఆ థెస్సలొనీకయుల ఊరే ఇది. క్రీస్తుపూర్వం 315లో కాసాండర్ అనే రాజు ఈ పట్టణాన్ని కట్టించి భార్య పేరు పెట్టాడు. ఆమె మన చరిత్ర పుస్తకాల్లో ఉండే అలెగ్జాండరుకు సవతి చెల్లెలు. ఇప్పుడు గ్రీసులో ఏథెన్స్ తర్వాత అతిపెద్ద నగరం.

ఇక్కడికొచ్చిన పర్యటకులు మామూలుగా చేసే పనులు కొన్నున్నాయి. సముద్రం ఒడ్డునున్న తెల్ల బురుజు ముందు ఫొటో దిగుతారు. పొద్దున్నే నువ్వులద్దిన గుండ్రటి 'కులూరి' రొట్టె, పాలమీగడలాంటి క్రీము కూరిన 'బుగాత్సా' తింటారు. రోమన్ల నాటి కమాను, బైజాంటిన్ చర్చిలు చూస్తారు. సాయంత్రం అరిస్టాటిల్ చౌరస్తాలో కూర్చుని కాఫీ తాగుతారు. ఆ చౌరస్తా పక్కనే ఉన్న ఒలింపియన్ హాల్లో ఏటా అంతర్జాతీయ చలనచిత్రోత్సవం జరుగుతుంది. 1960లో మొదలైంది. అంటే ఇది సినిమా పిచ్చి ఉన్న ఊరే!

కానీ ఈ ఊరి పేరును సినిమా చరిత్రలోకి ఎక్కించిన చోటు చూడాలంటే మాత్రం చౌరస్తా నుంచి కాస్త పడమరకు నడవాలి.

ఆ మూల మీద...

వెనిజెలూ వీధి సముద్రం దగ్గర మొదలై ఎగువనున్న పాత ప్రభుత్వ భవనం దాకా వెళ్తుంది. దారిపొడవునా దుకాణాలే. తురుష్కుల కాలంలో కట్టిన బట్టల బజారు 'బెజెస్తేని' ఈ వీధిలోనే ఉంది. ఈ వీధిని అడ్డంగా కోస్తూ పోయేది ఎర్ము వీధి. ఎర్మిస్ అంటే గ్రీకుల వర్తక దేవుడు. పేరుకు తగ్గట్టే అక్కడా కొనుగోళ్లూ బేరాలే. మన కోఠిలోనో, విజయవాడ బీసెంట్ రోడ్డులోనో తిరిగినవాళ్లకు ఈ సందడి కొత్తగా అనిపించదు. ఈ బజారు మధ్యలో, స్పాండొని అనే చిన్న వీధి వెనిజెలూను కలిసే మూల మీద ఒక స్మారకం కనిపిస్తుంది. సంచులు పట్టుకుని పోయేవాళ్లు దాన్ని చూసీ చూడనట్టు దాటిపోతుంటారు.

1963 మే 22 రాత్రి. ఈ మూలకు దగ్గర్లోని ఓ భవనంలో యుద్ధ వ్యతిరేక సభ జరిగింది. మొదట అనుకున్న హాలు చివర్లో చేజారిపోవడంతో సభను ఇక్కడికి మార్చారు. వక్త గ్రిగోరిస్ లంబ్రాకిస్. వయసు 51. వామపక్షాల మద్దతుతో గెలిచిన ఎంపీ. బయట రౌడీమూక రాళ్లు రువ్వుతోంది. పోలీసులు బోలెడుమంది ఉన్నారు... చూస్తూ నిలబడ్డారు. సభ ముగించుకుని లంబ్రాకిస్ రోడ్డు దాటుతుండగా మూడు చక్రాల సరుకు బండి ఒకటి (మన ట్రాలీ ఆటోలాంటిదే) జనం మధ్యలోంచి దూసుకొచ్చింది. వెనక నిలబడ్డవాడు కర్రతో ఆయన తల మీద కొట్టాడు. బండి ఆగకుండా పోయింది.

పోనివ్వలేదు ఒక మనిషి! మనోలిస్ హాజియపొస్తొలు అనే కార్మికుడు పరుగెత్తి ఆ బండి వెనక్కి ఎగిరి దూకాడు. కదిలే బండిలోనే కర్రవాడితో కలబడ్డాడు. గాయాలయ్యాయి, అయినా వదల్లేదు. ఆయన అలా దూకకపోయుంటే నడిపినవాడూ కొట్టినవాడూ ఎవరో ఎప్పటికీ తేలేది కాదేమో. ఊరు ఆయనకు 'పులి' అని పేరు పెట్టుకుంది.

లంబ్రాకిస్‌ను అహెపా ఆసుపత్రికి చేర్చారు. స్పృహ రాలేదు. మే 27న చనిపోయారు. మర్నాడు ఏథెన్స్‌లో అంత్యక్రియలకు లక్షల మంది వచ్చారు. నడక సాగుతుండగానే గోడల మీద, రోడ్ల మీద ఒక అక్షరం కనిపించడం మొదలైంది. ఇంగ్లిషు 'జెడ్'లా ఉండే గ్రీకు అక్షరం అది. దాంతో మొదలయ్యే 'జీ' అనే మాటకు అర్థం 'బతికే ఉన్నాడు'.

పరుగుల డాక్టరు

ఇంతకీ ఎవరీ లంబ్రాకిస్? దక్షిణ గ్రీసులో ఆర్కేడియా అనే కొండ ప్రాంతం ఉంది. అక్కడి కెరసిట్సా అనే పల్లెలో 1912లో పుట్టారు. లాంగ్‌జంప్‌లో గ్రీసు జాతీయ రికార్డు ఇరవై ఏళ్లకు పైగా ఆయన పేరిటే ఉంది. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో పాల్గొన్నారు. దేశం నాజీల చేతుల్లో ఉన్నప్పుడు క్రీడాకారులను కూడగట్టి పోటీలు పెట్టి, వచ్చిన డబ్బును ఆకలితో ఉన్నవాళ్ల భోజనాలకు ఇచ్చారు. ఆ తర్వాత ఏథెన్స్ విశ్వవిద్యాలయంలో వైద్యం బోధించారు. ప్రసూతి వైద్యుడు. పేదలకు ఉచితంగా చూసేవారు.

1963 ఏప్రిల్ 21న మారథాన్ నుంచి ఏథెన్స్‌కు శాంతి యాత్ర తలపెట్టారు. ప్రభుత్వం నిషేధించింది. యాత్రకు బయల్దేరినవాళ్లను ఎక్కడికక్కడ అరెస్టు చేసింది. ఎంపీని ముట్టుకోకూడదన్న రక్షణ ఉండటంతో లంబ్రాకిస్ ఒక్కరే బ్యానరు పట్టుకుని నడిచారు. ఆ ఫొటో ఇప్పటికీ గ్రీసులో చాలామంది ఇళ్లలో ఉంటుంది. సరిగ్గా నెలకు థెస్సలోనికిలో ఆయన మీద దాడి జరిగింది.

ఏప్రిల్ 21... ఈ తేదీని కాస్త గుర్తుంచుకోండి.

'ప్రమాదం' అన్నారు

తాగి బండి నడపడం వల్ల జరిగిన రోడ్డు ప్రమాదం. పోలీసులు చెప్పిన కథ ఇదే. దాన్ని నమ్మడానికి అందరూ సిద్ధంగా ఉన్న సమయంలో దర్యాప్తు మేజిస్ట్రేటుగా క్రిస్టోస్ సార్ట్‌జెటాకిస్ వచ్చాడు. ముప్పై నాలుగేళ్లు. రాజకీయాలతో పనిలేని, కాస్త ముభావంగా ఉండే మనిషి. సాక్షులను ఒక్కొక్కరినీ పిలిచాడు. బండి నడిపిన గొట్జమానిస్, కర్రతో కొట్టిన ఎమనుయిలిదిస్‌ల వెనక ఉన్న రౌడీ సంఘం, దాని వెనక ఉన్న పోలీసు అధికారులు... తీగ లాగుతూ పోయాడు. పైనుంచి ఎంత ఒత్తిడి వచ్చినా ఆపలేదు. పోలీసు ఉన్నతాధికారుల మీదే అభియోగాలు మోపాడు.

ఆ దుమారంలో ప్రధాని కరమన్లిస్ 1963 జూన్‌లో రాజీనామా చేశాడు. కొన్నాళ్లకు పారిస్ వెళ్లిపోయాడు. 1966 చివర్లో తీర్పు వచ్చింది. బండి నడిపినవాడికి 11 ఏళ్లు, కొట్టినవాడికి ఎనిమిదిన్నర ఏళ్లు. అధికారులు నిర్దోషులు!

అదే ఏడాది వసిలిస్ వసిలికోస్ అనే రచయిత ఈ కేసునంతా నవలగా రాశాడు. థెస్సలోనికి వీధుల్లో పెరిగినవాడే. నవలకు ఒక్క అక్షరమే పేరుగా పెట్టాడు. జెడ్.

ఇక్కడ ఆ తేదీ మళ్లీ వస్తుంది. 1967 ఏప్రిల్ 21 తెల్లవారుజామున ఏథెన్స్ వీధుల్లోకి ట్యాంకులు వచ్చాయి. కల్నళ్లు అధికారం చేజిక్కించుకున్నారు. లంబ్రాకిస్ ఒంటరిగా నడిచిన రోజుకు సరిగ్గా నాలుగేళ్లు! వేలమందిని దీవులకు తరలించి బంధించారు. నవలను నిషేధించారు. సార్ట్‌జెటాకిస్‌ను 1968లో న్యాయశాఖ నుంచి తీసేశారు. ఆ తర్వాత జైల్లోనూ పెట్టారు. లంబ్రాకిస్ మీద దాడి జరిగిన రాత్రే, అదే వీధుల్లో రౌడీల దెబ్బలు తిని బతికి బయటపడ్డ ఇంకో ఎంపీ యొర్గోస్ ట్సరూహస్. ఆయన్ని 1968 మేలో థెస్సలోనికిలోనే అరెస్టు చేశారు. కస్టడీలోనే కొట్టి చంపారు. ఐదేళ్ల క్రితం తప్పిన చావు, అదే ఊళ్లో, ఈసారి యూనిఫాం వేసుకుని వచ్చింది.

మూడు పేర్లు... ఒకే జిల్లా

ఈ నవలను సినిమాగా తీయాలనుకున్న దర్శకుడు కోస్టా గావ్రాస్. ఆయనా ఆర్కేడియా బిడ్డే. 1933లో అక్కడి ఓ పల్లెలో పుట్టాడు. తండ్రి నాజీలకు వ్యతిరేకంగా వామపక్షాలతో కలిసి పోరాడినవాడు. అంతర్యుద్ధం తర్వాతి గ్రీసులో అలాంటి ఇంటి కొడుకులకు విశ్వవిద్యాలయం తలుపులు తెరుచుకునేవి కావు. దాంతో చదువు కోసం ఫ్రాన్స్ వెళ్లాడు. అక్కడే సినిమా నేర్చుకున్నాడు.

సినిమాకు సంగీతం కావాలి. అది మికిస్ థియోడొరాకిస్‌ది అయితేనే అందం. 'జోర్బా ద గ్రీక్' సంగీతం విన్నవాళ్లకు ఆయన గురించి చెప్పక్కర్లేదు. అయితే లంబ్రాకిస్ పేరిట ఏర్పడిన యువజన సంఘానికి ఆయనే నాయకుడు. అందుకే కల్నళ్లు 1967 జూన్‌లో ప్రత్యేకంగా ఓ సైనిక ఉత్తర్వు ఇచ్చారు: థియోడొరాకిస్ పాటలు వాయించడమే కాదు, వినడం కూడా నేరం. ఆగస్టులో అరెస్టు చేశారు. 1968లో భార్యాపిల్లలతో సహా ఓ మారుమూల కొండ పల్లెకు పంపి కాపలా పెట్టారు. ఆ పల్లె పేరు జాటునా. ఎక్కడుందంటారా? ఆర్కేడియాలోనే!

చనిపోయిన ఎంపీ, సినిమా తీసే దర్శకుడు, సంగీతం ఇవ్వాల్సిన ఖైదీ... ముగ్గురినీ కలిపే ప్రాంతం ఇదే. ఏథెన్స్ నుంచి రోడ్డు మార్గంలో ట్రిపోలి పట్టణానికి వస్తే కెరసిట్సా పక్కనే. అక్కడి నుంచి మలుపులు తిరుగుతూ కొండలెక్కితే రాతి ఇళ్లతో దిమిట్సానా, దాన్ని దాటితే లోయకు అవతల జాటునా. చలికాలంలో పొగమంచు, మంచు. వేసవిలో మేకల గంటలు. 'ఆర్కేడియా' అనే మాటను యూరప్ కవులు శతాబ్దాలుగా 'కష్టమెరుగని పల్లెసీమ' అనే అర్థంలో వాడుతున్నారు. ఇంటి చుట్టూ తుపాకులు పెట్టుకుని పాటలు కట్టిన మనిషికి ఆ ముచ్చట ఎలా తోచిందో! కొత్త సంగీతం చేసివ్వడం కుదరలేదు. ఇదివరకు చేసిన పాటల్లో ఏవి కావాలంటే అవి వాడుకోమని రహస్యంగా కబురు పంపాడు. సినిమాలో ఇవాళ మనం వినేవి అలా వచ్చిన బాణీలే.

ఊరి వేషం కట్టిన ఊరు

పాటలు దొరికాయి. ఊరెక్కడ? థెస్సలోనికిలో కెమెరా పెట్టే ప్రశ్నే లేదు. ఫ్రాన్స్‌లో పెట్టుబడి పెట్టేవాళ్లు కరవయ్యారు. ఇందులో ప్రేమకథ లేదు, హీరో మొదటి సగంలోనే చచ్చిపోతాడు, పైగా రాజకీయం. అప్పుడు ముందుకొచ్చినవాడు నటుడు జాక్ పెరాన్. ('సినిమా పారడీసో'లో పెద్దయ్యాక తల నెరిసిన టోటో ఈయనే.) నిర్మాత అవతారమెత్తి అల్జీరియా ప్రభుత్వాన్ని ఒప్పించాడు.

మధ్యధరా సముద్రానికి ఉత్తరాన థెస్సలోనికి, దక్షిణాన అల్జీర్స్. రెండూ సముద్రానికి ముఖం పెట్టి మెట్లు మెట్లుగా కొండెక్కే ఊళ్లే. రెండింటి పైభాగంలోనూ తురుష్కుల నాటి ఇరుకు సందులుంటాయి, కిందేమో ఫ్రెంచి వాసనున్న విశాలమైన వీధులు. అల్జీర్స్‌లో అవి వలస పాలకులు కట్టినవి. థెస్సలోనికిలో 1917 అగ్నిప్రమాదంలో ఊరు తగలబడ్డాక ఎర్నెస్ట్ ఎబ్రార్ అనే ఫ్రెంచి వాస్తుశిల్పి ప్లాను గీశాడు. అందుకే సినిమాలో ఊరు మారిందని తెలియనివాళ్లు కనిపెట్టలేరు. ఎండ కూడా అదే ఎండ మరి.

1968 వేసవిలో అల్జీర్స్ వీధుల్లో మూడు చక్రాల బండి మళ్లీ దూసుకెళ్లింది. ఇవ్ మోంతాన్ లంబ్రాకిస్‌గా పడిపోయాడు. ఐరీన్ పాపాస్ ఆయన భార్య అయింది. నల్లకళ్లద్దాల మేజిస్ట్రేటుగా జాన్ లూయీ త్రాంతిన్యాన్. నటులు చాలామంది తక్కువ డబ్బుకే చేశారు. 'పులి' బండి మీదికి దూకే సన్నివేశం ఇప్పటికీ ఊపిరి బిగపట్టి చూడాల్సిందే.

ఇక్కడ ఓ చేదు సంగతి చెప్పుకోవాలి. సైనిక పాలనను దుమ్మెత్తిపోసే ఈ సినిమాకు చోటిచ్చిన అల్జీరియాలో అప్పుడున్నదీ సైన్యం అండతో వచ్చిన ప్రభుత్వమే! 1965 జూన్ 19న కల్నల్ బూమెదియెన్, అధ్యక్షుడు బెన్‌బెల్లాను దించేసి గద్దెనెక్కాడు. ఆ సమయంలో అక్కడ 'బ్యాటిల్ ఆఫ్ అల్జీర్స్' షూటింగ్ జరుగుతోంది. వీధుల్లోకొచ్చిన నిజం ట్యాంకులను జనం సినిమా ట్యాంకులు అనుకున్నారని అక్కడ కథలుగా చెప్పుకుంటారు. పక్కింటి కల్నళ్ల గుట్టు విప్పడానికి సొంతింటి కల్నల్ వాకిలి తీశాడన్నమాట. దీన్ని విప్లవ సౌహార్దం అని మెచ్చుకోవచ్చు, అవకాశవాదం అనీ అనొచ్చు. ఆ వాకిలి తెరుచుకోకపోతే సినిమా మాత్రం లేదు.

సినిమాలో దేశం పేరు ఎక్కడా చెప్పరు. కానీ మొదట్లోనే తెర మీద ఓ ప్రకటన వస్తుంది. ఎవరినైనా పోలి ఉంటే కాకతాళీయం అని మన సినిమాల్లో వేస్తారే, దానికి పూర్తిగా తిరగేసిన మాట: పోలికలు కావాలనే పెట్టాం అని! చివర్లో సైనిక ప్రభుత్వం నిషేధించినవాటి జాబితా చదువుతారు. పొడుగు జుట్టు, మినీ స్కర్టులు, సోఫోక్లిస్, టాల్‌స్టాయ్, సమ్మెలు, కొత్త గణితం... ఆఖరున ఆ ఒక్క అక్షరం. నవ్వొస్తుంది, వెంటనే గొంతులో అడ్డం పడుతుంది.

1969లో విడుదలైంది. కాన్స్‌లో జ్యూరీ బహుమతి, త్రాంతిన్యాన్‌కు ఉత్తమ నటుడి పురస్కారం. 1970 ఆస్కార్ వేడుకలో ఉత్తమ విదేశీ చిత్రం, ఎడిటింగ్ అవార్డులు. ఉత్తమ చిత్రం, ఉత్తమ విదేశీ చిత్రం విభాగాలు రెండింటికీ నామినేట్ అయిన మొదటి సినిమా ఇదే. ఆస్కార్ అందుకున్న దేశం గ్రీసు కాదు, అల్జీరియా! ఆఫ్రికాకు ఆ విభాగంలో అదే తొలి ఆస్కార్.

ప్రపంచమంతా చూస్తోంది. గ్రీసులో మాత్రం నిషేధం. విచిత్రమేమిటంటే ఆ కల్నళ్లే విదేశీ పర్యటకులకు తలుపులు బార్లా తెరిచారు. హోటళ్లు కట్టించారు. ప్యారిస్‌లో 'జెడ్' చూసినవాళ్లు సెలవులకు గ్రీసు వచ్చి సముద్ర స్నానాలు చేసి వెళ్లేవారు. థెస్సలోనికివాళ్లు తమ వీధి కథ చూడాలంటే దేశం దాటాల్సిందే.

తిరిగొచ్చినవాళ్లు

1974 జూలైలో సైనిక పాలన కూలింది. ఆ తర్వాతే గ్రీసు ప్రేక్షకులు తమ దేశపు థియేటర్లలో 'జెడ్' చూడగలిగారు. పదకొండేళ్ల కిందటి తమ రాత్రి, అల్జీర్స్ గోడల మధ్య, ఫ్రెంచి భాషలో! పారిస్ నుంచి కరమన్లిస్ తిరిగొచ్చి మళ్లీ ప్రధాని అయ్యాడు. 1980లో దేశాధ్యక్షుడూ అయ్యాడు. 1985లో ఆయన తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నది ఎవరో తెలుసా? మేజిస్ట్రేటు సార్ట్‌జెటాకిస్. ఇలాంటి ముగింపు ఏ రచయితైనా రాస్తే అతి అని కొట్టిపారేస్తారు.

ఆ కథ ఇండియాకూ వచ్చింది. 2012లో దిబాకర్ బెనర్జీ తీసిన హిందీ సినిమా 'షాంఘై'కి మూలం వసిలికోస్ నవలే. భారత్‌నగర్ అనే ఊహాపట్టణంలో, అభివృద్ధి పేరిట జరిగే భూముల వ్యవహారాన్ని ప్రశ్నించిన డాక్టరు మీదికి బండి ఎక్కిస్తారు. చూసినవాళ్లెవరికీ గ్రీసు కథలా అనిపించలేదు.

ఈ సినిమా మనుషుల్లో చాలామంది ఇప్పుడు లేరు. థియోడొరాకిస్ 2021లో, వసిలికోస్ 2023లో పోయారు. 2022 ఒక్క ఏడాదిలోనే సార్ట్‌జెటాకిస్, త్రాంతిన్యాన్, ఐరీన్ పాపాస్, నిర్మాత పెరాన్ వెళ్లిపోయారు. పెరాన్ చనిపోయిన తేదీ ఏప్రిల్ 21.

వెళ్లాలనుకుంటే...

థెస్సలోనికిలో 2024 నవంబరు 30న మెట్రో మొదలైంది. వెనిజెలూ స్టేషన్‌లో దిగడం మంచిది. తవ్వకాల్లో బయటపడ్డ బైజాంటిన్ కాలపు రాతి రోడ్డును, దాని పక్కనున్న కొట్ల ఆనవాళ్లను స్టేషన్‌లోనే చూడొచ్చు. అక్కడా బజారే! మెట్లెక్కి పైకొస్తే మూల మీద పదిహేనో శతాబ్దపు హమ్జా బే మసీదు. ఇరవయ్యో శతాబ్దంలో దశాబ్దాల పాటు ఇది 'అల్కజార్' అనే సినిమాహాలు. పాతతరంవాళ్లు ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తారు. అక్కడి నుంచి సముద్రం వైపు దిగుతూ కొన్ని నిమిషాలు నడిస్తే స్పాండొని మూల. సినిమాలో చూసిన చౌరస్తా కోసం వెతక్కండి, అది ఈ ఒడ్డున లేదు.

మే చివర్లో వెళ్తే ఎండ ఇంకా ముదరదు. 22వ తేదీ చుట్టుపక్కల అయితే ఆ స్మారకం దగ్గర ఎవరో పెట్టిపోయిన పూలు ఉంటాయి.